కాశీలో వదిలిన పీతలు

మాణిక్యమ్మ చేతికి చిక్కిన పీత ఇక ఎవరినీ కొరకదు. ప్రత్తిపాడు పక్కనున్న ఆ ఊళ్లో ఈ మాట కాదనేవాళ్లు లేరు. పత్తి, మిరప తప్ప సముద్రం సంగతి తెలియని ఊరు అది. అక్కడి ఆడవాళ్లు కోళ్లు కోస్తారు, చేపల్ని బూడిదేసి తోముతారు. కానీ గోనెసంచిలోంచి బతికున్న పీత ఒక్కటి బయటికి పాకిందంటే మాత్రం కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని అరుగెక్కుతారు. మాణిక్యమ్మ పుట్టిల్లు సముద్రపొడ్డున నిజాంపట్నం వైపు. వెనకనుంచి చెయ్యి పోనిచ్చి, వీపు మీదా పొట్ట కిందా వేళ్లు బిగించి పైకెత్తిందంటే, ఎంత పొగరున్న పీతైనా గాలిలో కాళ్లాడించడం తప్ప చేసేదేమీ ఉండదు.

అందుకే పీతలమ్మే బాజీ తన టీవీఎస్ బండి మీద తడి సంచి వేసుకుని తీరం నుంచి వచ్చిన రోజున, నాలుగిళ్ల అవతలుండే పేరయ్య భార్య నాంచారమ్మ ముందుగా పరుగెత్తేది మాణిక్యమ్మ ఇంటికే.

"అక్కా, అమావాస్య పీతలంట, నిండా కండంట. తెల్లారుజామున పట్టినయ్యంట. ఒక్కోటి అరచెయ్యంత ఉంది. నువ్వొచ్చి చేసిపెడితే తింటాం, లేకపోతే లేదు."

"వస్తన్నా పద. చింతపండు నానెయ్యి. తాలింపు మాత్రం నువ్వు పెట్టబాకు, పోయినసారి మాడబెట్టావు."

నాంచారమ్మ పెరట్లో బావి పక్కన పీట వేసుకుని కూర్చుంటే మాణిక్యమ్మకు చుట్టూ లోకం పట్టేది కాదు. ముందు వాటిమీద మరిగే నీళ్లు పోసి కదలిక ఆపేది. కొరికే పెద్దకాళ్లు రెండూ విరిచి పక్కన పెట్టేది, ఎందుకంటే అసలు కండ ఉండేది వాటిలోనే. పొట్ట కింద మడతలాంటి మూత ఊడదీసి, సందులో బొటనవేలు పెట్టి పైచిప్పను ఒక్క ఊపుతో లేపేది. లోపల రెండువైపులా ఈకల్లా ఉండే మొప్పలు పీకి పారేసి, పచ్చటి గుజ్జు మాత్రం చిటికెడు కూడా పోకుండా గిన్నెలోకి తీసేది. కొత్తగా చేసేవాళ్లు ఆ గుజ్జును మురికనుకుని కడిగేస్తారు. అట్లాంటివాళ్లను చూస్తే మాణిక్యమ్మకు తిట్టబుద్ధి వేసేది. తర్వాత ఉప్పూ పసుపూ వేసి కడిగి, మధ్యకి విరిచి, పెద్దకాళ్ల మీద రోకలిబండతో పగిలీ పగలనట్టు ఒక దెబ్బ వేసేది, పులుసు లోపలికి దిగాలి కదా.

ఉల్లిపాయ ఎర్రగా వేగి, అల్లం వెల్లుల్లి పచ్చివాసన పోయి, ఆ ఊరి మిరపకారం నూనెలో ఒక్కసారి భగ్గుమనగానే పీతముక్కలు పడేవి. చివర్లో చింతపండు పులుసు, ధనియాల పొడి, గసగసాల ముద్ద. వీధి చివర రచ్చలో కూర్చున్నవాళ్లు కూడా మెడలు తిప్పి చూసే వాసన అది.

ఇంత చేసి, ఆ కూర మాణిక్యమ్మ ముట్టేది కాదు. ఉప్పు చూడాలన్నా నాంచారమ్మ నాలుకే. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని ఇంటికొచ్చి, పప్పన్నం కలుపుకుని తినేది.

ఆమె పీతలు కాశీలో వదిలేసింది మరి.

కాశీకి పోయినవాళ్లు ఒక కాయో పండో గంగలో వదిలేసి రావాలని మనవాళ్ల ఆచారం. ఇష్టమైనది వదలాలన్నది అసలు నియమం. అయితే మనవాళ్లు మహా తెలివైనవాళ్లు. వెళ్లొచ్చినవాళ్లను వరసగా అడిగి చూడండి, నూటికి తొంభైమంది కాకరకాయ వదిలి ఉంటారు. మిగతా పదిమంది ఆ ఊళ్లో దొరకని పండేదో వదిలి ఉంటారు. భగవంతుడు లెక్కలు అడగడు కాబట్టి సరిపోయింది.

మాణిక్యమ్మ అట్లా వదల్లేదు. ఆమె, భర్త అంకారావు కాశీకి వెళ్లింది పుణ్యానికీ కాదు, సరదాకీ కాదు. ఒక్కగానొక్క కొడుకు గోపాలకృష్ణ అస్థికలు కలపడానికి. మిరపకాయ టిక్కీ బస్తాలు వేసుకుని గుంటూరు మిర్చి యార్డుకు పోతున్న లారీ బోల్తా పడింది. పైన కూర్చున్న నలుగురిలో ముగ్గురు లేచి దులుపుకున్నారు. గోపి లేవలేదు. ఇంకా ఇరవై నిండలేదు.

ఆ తర్వాత అంకారావు నోరు మూతపడిపోయింది. పొలానికి పోయేవాడు, వచ్చేవాడు, పెట్టింది తినేవాడు. మాణిక్యమ్మ ఎంత కదిలించినా ఉలుకూ పలుకూ లేదు. కాశీ రైల్లో అస్థికల కుండ ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ చూస్తూ, ఉన్నట్టుండి ఆయనే అన్నాడు.

"అక్కడ ఏదన్నా వదలాలంట గదా. అందరిమాదిరి కాకరకాయ వదలొద్దే మాణిక్యం. వాడికిష్టమైంది వదులుదాం. పీతలు. ఇద్దరం."

ఆ 'ఇద్దరం' అన్న మాట విని ఆమె రైల్లో అందరూ చూస్తుండగానే ఏడ్చింది. కొడుకు పోయాక తనకు భర్త కూడా లేడనుకుంటున్న రోజులవి. ఆ మాటతో ఆయన దొరికాడు.

ఘాట్ దగ్గర తెలుగు పంతులు, మీరేం వదులుతున్నారో మనసులో చెప్పుకుని మూడు మునకలు వేయండి అన్నాడు. ఆమె పీతలు అనుకుని మునిగింది. లేచి, కళ్లమీద నీళ్లు తుడుచుకుని, పక్కనే మునిగి లేచిన భర్తను చూసింది. ఆయన తల ఊపాడు. అంతే. ఆ తర్వాత వాళ్లిద్దరూ కొడుకు గురించి నోరు విప్పి మాట్లాడుకున్నది లేదు. ఆయన ఆమె ముందు ఏడవడు, ఆమె ఆయన ముందు ఏడవదు. చుట్టాలింట్లో ఎప్పుడైనా పీతల కూర వడ్డించబోతే అంకారావు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఆ అడ్డం పెట్టిన చెయ్యిని చూస్తే మాణిక్యమ్మకు కడుపు నిండేది. వాడి కోసం తాము కలిసి చేస్తున్న పని లోకంలో ఇదొక్కటే మిగిలిందని, దాన్ని కంటికి రెప్పలా చూసుకుంది.

అట్లా ఏళ్లు గడిచాయి. ఊళ్లోకి సెల్‌ఫోన్లు వచ్చాయి, పత్తి విత్తనాలు మారాయి, నాంచారమ్మ ఇంటికి భానుశ్రీ అనే కోడలొచ్చింది. బాజీ బండి మాత్రం అదే.

ఆ ఏడు మిరపకోతల్లో, కూలీలకు గంజి వారుస్తుంటే గిన్నె జారి మాణిక్యమ్మ కుడిచెయ్యి కాలింది. మణికట్టు దాకా బొబ్బలెక్కింది. సరిగ్గా ఆ వారంలోనే బాజీ పీతలు తెచ్చాడు. నాంచారమ్మ వచ్చి చెయ్యి చూసి, అయ్యో అక్కా అని నాలుగు మాటలు చెప్పి, ఈసారికి మా కోడలు ఏదో తంటాలు పడుద్దిలే అని వెళ్లిపోయింది. మాణిక్యమ్మ ఆ రోజంతా నులకమంచం మీద కూర్చుని ఎదురుగా గోడమీద కొడుకు ఫోటోను చూస్తూ గడిపింది.

పొద్దుగూకేవేళ అంకారావు వచ్చాడు. కాళ్లు కడుక్కుని, మందుల షాపులో కొన్న ఆయింట్‌మెంట్ తీసుకుని ఆమె పక్కన కూర్చున్నాడు. కాలిన చేతిని తన ఒళ్లో పెట్టుకుని చూపుడువేలితో మెల్లగా రాయసాగాడు. ఎప్పుడూ లేనిది భర్త అంత నెమ్మదిగా తన చెయ్యి పట్టుకునేసరికి ఆమె మంట కూడా మర్చిపోయింది. ఎంత మంచివాడో అనుకుంది. అట్లా అనుకుంటుండగానే వాసన తగిలింది.

మందు వాసన కింద, సబ్బు వాసన కింద, పీతల వాసన.

పీతలు తిన్న చేతిని చింతపండుతో తోమినా, సున్నిపిండితో రుద్దినా ఒక పూట దాకా వదలదు. ఆమెకు తెలియనిదా! ఇన్నాళ్లూ ఎందుకు తెలియలేదంటే, పీతలొచ్చిన రోజున ఆమె చేతులే ఆ వాసనతో నిండి ఉండేవి. తన చేతుల వాసనలో భర్త చేతుల వాసన కలిసిపోయింది.

"ఇయ్యాల మధ్యాన్నం ఎక్కడ తిన్నారు?"

"గుంటూర్లో. యార్డు కాడ హోటల్లో."

"ఏం కూర?"

"పప్పూ, దొండకాయ వేపుడూ. ఎందుకు?"

"మీ చేతులు పీతల కంపు కొడతన్నయ్."

అంకారావు వేలు ఆగిపోయింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు, ఇంకో అబద్ధం ఆడలేదు, బుకాయించనూ లేదు. బుకాయించి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది మాణిక్యమ్మ.

"పేరయ్య ఇంట్లో తిన్నా," అన్నాడు.

"ఇయ్యాలేనా?"

ఆయన ఆమె చేతిని మెల్లగా మంచం మీదికి దించాడు.

"ఎప్పట్నించి?"

"నేను కాశీలో పీతలు వదల్లా మాణిక్యం." ఆయన నేల చూపులు చూస్తూ చెప్పాడు. "వదులుదామనే అనుకున్నా. మునిగేటప్పుడు మనసులో ఆ మాట రాలా. పొట్లకాయ అనుకున్నా."

పొట్లకాయ! జన్మలో ఆయన పొట్లకాయ ముట్టి ఎరగడు. పాములా ఉంటుందని పాదు కూడా పెరట్లో పెట్టనిచ్చేవాడు కాదు. మాణిక్యమ్మకు నవ్వొచ్చింది. నవ్వు వచ్చిన చోటే ఆగిపోయింది.

"మరి నేను మీ వంక చూస్తే తల ఎందుకూపారు?"

"నువ్వప్పటికే వదిలేశావు. అట్టా చూశావు నా వంక. ఏం చెప్పమంటావు?"

"అక్కడ చెప్పకపోతే పోయారు. రైల్లో చెప్పొచ్చు. ఇంటికొచ్చాక చెప్పొచ్చు. చుట్టాలింట్లో విస్తరికి చెయ్యడ్డం పెట్టారే, ఆ చెయ్యి ఎవరికోసం పెట్టారండీ? నాకు చూపించడానికా?"

ఆయన ఆయింట్‌మెంట్ మూత బిగించుకుంటూ కూర్చున్నాడు. అది ఎప్పుడో బిగిసింది.

మర్నాడు పొద్దున్నే మాణిక్యమ్మ నాంచారమ్మ ఇంటికి వెళ్లింది. లోపలికి రమ్మంటే వెళ్లలేదు, గుమ్మంలోనే నిలబడింది.

"ఇన్నేళ్లూ నా చేత పీతలు చేయించింది ఎవరికోసమే నాంచారీ?"

నాంచారమ్మ మొహంలో రంగు మారింది. ముందు భానుశ్రీని లోపలికి పొమ్మని కసిరింది. తర్వాత కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"బావగారు ఒట్టేయించుకున్నాడక్కా. నీ చేతి కూరయితేనే తింటానన్నాడు. నిన్న మా కోడలు చేస్తే సగం వదిలేశాడు. నీకు తెలిస్తే తట్టుకోలేవన్నాడు. ఆయన్ను చూస్తే జాలేసింది."

"నన్ను చూస్తే వెయ్యలా?"

"అట్టా అనబాకక్కా. తింటన్నంతసేపూ కళ్లనీళ్లు కారతనే ఉంటయ్ ఆయనకి."

"కారం ఎక్కువై ఉంటది," అంది మాణిక్యమ్మ. "ఈసారి తక్కువేసుకోండి."

వెనక్కి తిరిగి వీధిలో నడుస్తుంటే అరుగుల మీద కూర్చున్న ఆడవాళ్లందరూ తనను చూసి నవ్వుతున్నట్టే అనిపించింది. పేరయ్యకు తెలుసు, నాంచారమ్మకు తెలుసు, నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల భానుశ్రీకి కూడా తెలుసు. తెలియంది పీట వేసుకుని, గుజ్జు పోకుండా తీసి, కాళ్లు పగలగొట్టి, వండి, చేతులు తుడుచుకుని పప్పన్నానికి పోయిన తనకొక్కదానికే. వాడి పేరు మీద వదిలినదాన్ని తన చేత్తోనే వండించుకుని తిన్నాడు. పరాయి ఆడదాని గుమ్మంలోకి పోయొచ్చాడన్నా ఇంత మంట ఉండేది కాదు. అట్లాంటిదైతే ఆయన్ను తిట్టి ఊరుకునేది. ఇది కొడుకు విషయం.

ఆ తర్వాత ఇంట్లో వంట జరిగింది, చాకిరీ జరిగింది, మాట మాత్రం జరగలేదు. అంకారావు రెండుమూడుసార్లు మాణిక్యం అని పిలిచి, ఆమె తిరిగి చూస్తే ఏమీ లేదని తల తిప్పుకున్నాడు. చెయ్యి మానింది. కొత్త చర్మం గులాబీ రంగులో మెరుస్తూ వచ్చింది. మళ్లీ అమావాస్య దాటింది, మళ్లీ బాజీ హారన్ వినపడింది.

ఈసారి నాంచారమ్మ రాలేదు. మాణిక్యమ్మే వీధిలోకి వెళ్లి బండి ఆపింది.

"మీరు తినరుగా పిన్నిగారూ?" అన్నాడు బాజీ సంచి మూతి విప్పుతూ.

"తినేవాళ్లున్నార్లే. మగపీతలు తియ్యి. పెద్దకాళ్లు బాగున్నవి."

తన పెరట్లో, తన పీట మీద, తన గిన్నెల్లో శుభ్రం చేసింది. కొడుకు పోయాక ఆ ఇంట్లో పీత పగలడం అదే మొదలు. కాలిన చేతికి కారం తగిలి మంటెక్కినా ఆపలేదు. పైచిప్పలు మామూలుకంటే విసురుగా లేపింది. కోపంతోనా, భయంతోనా అని అడిగితే ఆమె చెప్పలేకపోయేది. గంగమ్మకిచ్చిన మాట తప్పుతున్నాననే భయం కొంత ఉంది. అంతకంటే, ఆ మాట తానొక్కదాన్నే మోశాననే ఉక్రోషం ఎక్కువుంది. కూర ఉడికాక ఉప్పు చూడటానికి ఎవర్నీ పిలవలేదు.

మధ్యాహ్నం అంకారావు పొలం నుంచి వచ్చి గుమ్మంలో అడుగుపెడుతూనే ఆగిపోయాడు. వాసన వీధి దాకా కొడుతోంది. నట్టింట్లో ఫోటో కింద రెండు కంచాలు వేసి ఉన్నాయి.

"కూర్చోండి," అంది.

ఆయన మొహం తేటపడింది. ఎవరో బరువు దించినట్టు భుజాలు కిందికి జారాయి. క్షమించిందనుకున్నాడు పాపం. కూర్చుని, అన్నం కలుపుకుని, ఒక ముద్ద తిన్నాడు. అప్పుడు చూశాడు, మాణిక్యమ్మ తన కంచంలో కూడా పీతముక్కలు వేసుకుంటోంది.

"ఏందే అది? నువ్వు వదిలేశావు గదే!"

"అయితే?"

"వాడి పేరు మీద వదిలావు. తప్పు మాణిక్యం. పాపం చుట్టుకుంటది. నువ్వన్నా నిలబడ్డావనేగదా నేను..." అని మింగేశాడు.

ఆ మింగేసిన మాట ఆమెకు పూర్తిగా వినపడింది. ఇంట్లో ఒకరు మాట మీదుంటే చాలు, రెండోవాళ్లు సుఖంగా తినొచ్చు. అదీ ఆయన ధైర్యం. తన వ్రతాన్ని ఆయన అడ్డం పెట్టుకున్నాడు.

మాణిక్యమ్మ ఒక పెద్దకాలు తీసుకుంది. పగిలిన చోట దవడపళ్ల మధ్య పెట్టి గట్టిగా కొరికింది. చిప్ప ఫట్‌మంది, పులుసూ తీపీ కలిసిన కండ నోట్లోకి వచ్చింది. తిట్టుకుంటూ తిందామనుకుంది, కానీ రుచి తిట్లకు ఆగలేదు. అట్లాగే ఉంది, ఒక్క పిసరు కూడా మారలేదు.

అప్పుడొచ్చాడు గోపి.

పెద్దకాలు కొరికేటప్పుడు వాడు ఎడమకన్ను మూసేవాడు. ఎంత చెప్పినా మానేవాడు కాదు. చిన్నప్పుడూ అంతే, మూతిమీద మీసాలొచ్చాకా అంతే. ఎడమకన్ను గట్టిగా మూసి, మూతి కుడివైపుకి లాగి, చిప్ప ఫట్‌మనగానే ఆ కన్ను తెరిచి తల్లిని చూసి నవ్వేవాడు. గోడమీద ఫోటోలో వాడు రెండు కళ్లూ తెరిచి, ఎవరో చెప్పినట్టు బిగుసుకుని ఉన్నాడు. ఇన్నేళ్లూ ఆమె ఆ ఫోటోనే చూసింది. చూసి చూసి, కొడుకు మొహమంటే అదేననుకుంది. మూసిన ఆ ఎడమకన్ను సంగతి ఆమె పూర్తిగా మర్చిపోయింది. కన్నతల్లి మర్చిపోయింది. ఇప్పుడు వాడు ఎదురుగా కూర్చుని, గడ్డం మీద పులుసు కారుతుంటే మోచేత్తో తుడుచుకుంటున్నాడు.

ఆమె నమలడం ఆపేసింది. కాలు చేతిలో అట్లాగే ఉండిపోయింది.

అంకారావు ఆమెనే చూస్తున్నాడు.

"కనపడ్డాడా?" అన్నాడు మెల్లగా.

ఆమెకు ముందు ఆ ప్రశ్న అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలోని కాలు కంచంలో పెట్టేసింది. అంటే పేరయ్య ఇంటి పంచలో, బాజీ బండి వచ్చిన ప్రతిసారీ, ఈ మనిషి వాణ్ణి చూస్తున్నాడు. ఆ కన్ను చూస్తున్నాడు, ఆ నవ్వు చూస్తున్నాడు. ఆమె ఇక్కడ ఫోటో ముందు పప్పన్నం తింటూ, కొడుకును కాపాడుకుంటున్నాననుకుంటూ వాణ్ణి కాస్త కాస్తగా పోగొట్టుకుంటుంటే, ఆయన నాలుగిళ్ల అవతల వాడితో కూర్చుని భోంచేసి, చేతులు కడుక్కుని ఇంటికొచ్చి, యార్డులో ఆలస్యమైందని చెప్పాడు.

"నీకు తిన్నప్పుడల్లా కనపడేవాడా?" అంది. పెళ్లయిన నాటినుంచి ఆయన్ను ఆమె నువ్వు అనలేదు.

అంకారావు తల ఊపాడు. కళ్లలోంచి నీళ్లు దిగి మీసాల్లోకి పోతున్నాయి.

"కూర పెట్టకపోతే పోయావు," అంది మాణిక్యమ్మ. "వాణ్ణి చూసొచ్చి, నాకు ఒక్కమాట చెప్పలా నువ్వు. నేను వండిపెడితే నువ్వొక్కడివే చూసొచ్చావు."

ఆయన కంచం ముందుకు జరిపాడు. ఆమె గరిటె ముట్టలేదు. కూరగిన్నెను రెండు చేతులతో తన వైపుకు లాక్కుని, ఇంకో పెద్దకాలు తీసుకుని పళ్ల మధ్య పెట్టుకుంది. ఎదుట కూర్చున్న భర్తకు వీపు తిప్పి కొరికింది.